గ్యాస్ గీజర్ మరణాల వార్తలు సరిగ్గా రాయండి

సంపాదకుల గారికి నమస్కారం.

చలికాలం మొదలైందంటే పేపర్లో ఒక రకం వార్త ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. ఊరు మారుతుంది, మనిషి మారతాడు, వార్త మాత్రం అదే. బాత్రూంలోకి స్నానానికి వెళ్లినవాళ్లు ఎంతసేపటికీ బయటికి రాలేదు, తలుపు పగలగొట్టి చూస్తే కింద పడి ఉన్నారు, ఆసుపత్రికి తీసుకెళ్లేలోగా ప్రాణం పోయింది, గ్యాస్ గీజర్ లీకై ఊపిరాడక చనిపోయినట్టు అనుమానిస్తున్నారు, కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. నా గొడవంతా ఆ 'లీకై' దగ్గరే. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి, ఎక్కడ తప్పు కనిపించినా ఎర్ర పెన్ను తీసే అలవాటు ఇంకా పోలేదు, అందుకని రాస్తున్నాడులే అనుకోకండి. ఆ ఒక్క ముక్క తప్పు రాయడం వల్ల చదివినవాళ్లు తప్పు జాగ్రత్త తీసుకుంటున్నారు, అదీ నా బాధ.

లీకైతే ఏమవుతుందో అందరికీ తెలుసు. వాసన వస్తుంది. నిజానికి సిలిండర్లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్‌లకు వాసనే ఉండదు, లీకైతే జనానికి తెలియాలని కంపెనీలే ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే కంపు పదార్థం కొద్దిగా కలుపుతాయి, కుళ్లిన ఉల్లిపాయ లాంటి ఆ వాసన గాలిలో రవ్వంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది. కాబట్టి "గీజర్ లీకై చనిపోయారు" అని పేపర్లో చదివిన గృహస్థు ఏం చేస్తాడు? పైపు మార్పిస్తాడు, రెగ్యులేటర్ చూపిస్తాడు, మెకానిక్‌ను పిలిస్తే అతను సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూసి "ఏం లేదండి, అంతా బాగానే ఉంది" అని డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. నిజంగానే లీకు లేదు. ఆ మర్నాడు పొద్దున అదే గీజర్ కింద, అదే బాత్రూంలో, కిటికీ మూసుకుని ఇంట్లో అందరూ నిశ్చింతగా స్నానాలు చేస్తారు.

అలాంటి చావుల్లో ఎక్కువ భాగం గ్యాస్ బయటికి కారడం వల్ల వచ్చేవి కావు, గ్యాస్ మండుతూనే ఉండగా దానికి గాలి చాలకపోవడం వల్ల వచ్చేవి. కార్బన్ మోనాక్సైడ్ వల్ల. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. మెర్‌కాప్టాన్ వాసన కూడా రాదు, ఎందుకంటే గ్యాస్‌తో పాటు అదీ మంటలో కాలిపోతుంది.

ఇదేమీ కొత్త విషయం కాదు. పదో తరగతిలో కార్బన్ సమ్మేళనాల పాఠంలోనూ, ఇంటర్ ఫస్టియర్ హైడ్రోకార్బన్లలోనూ (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే పదార్థాలు) ఉంది. వాటిలో ఆల్కేన్లు, అంటే మీథేన్, ప్రొపేన్, బ్యూటేన్ లాంటివి, చాలా బద్ధకపు జాతి. మామూలు ఉష్ణోగ్రతల్లో ఆమ్లం పోసినా, క్షారం పోసినా, పర్మాంగనేట్ పోసినా పలకవు. వాటిని కదిలించాలంటే గట్టిగా ఉన్న మార్గాలు కొన్నే. ఎండ పడుతుండగా క్లోరిన్‌తో కలిపితే ఒక్కో హైడ్రోజన్‌నూ వదులుకుంటూ మీథేన్ కాస్తా క్లోరోఫాం దాకా, ఆపైన కార్బన్ టెట్రాక్లోరైడ్ దాకా పోతుంది. రిఫైనరీలో గాలి తగలకుండా బాగా వేడి చేస్తే పెద్ద అణువులు చిన్నవిగా విరుగుతాయి, దాన్నే క్రాకింగ్ అంటాం. ఇక మూడోది, మనందరికీ రోజూ పనికొచ్చేది, అంటించడం. అంటించాక మాత్రం ఆ బద్ధకం ఏమైపోతుందో, ఒక మోల్ మీథేన్ (అంటే 16 గ్రాములు) 890 కిలోజౌళ్లు, ఒక మోల్ బ్యూటేన్ (58 గ్రాములు) 2,880 కిలోజౌళ్ల దాకా వేడి ఇస్తాయి. మన వంటిల్లు, ఆటో, లారీ, విమానం అన్నీ నడుస్తున్నది ఈ ఒక్క చర్య మీద. సిఎన్‌జిలో, పైపు గ్యాస్‌లో మీథేన్, సిలిండర్‌లో ప్రొపేన్, బ్యూటేన్, పెట్రోలు, కిరోసిన్, డీజిల్‌లలో ఇంకా పొడుగు గొలుసులు, దేవుడి దగ్గర వెలిగించే కొవ్వొత్తి మైనంలో ఇరవై, ముప్ఫై కార్బన్‌ల గొలుసులు. ఒకే కుటుంబం.

అయితే ఈ కుటుంబానికి గాలి ఆకలి చాలా ఎక్కువ, గొలుసు పొడుగైన కొద్దీ అదీ పెరుగుతుంది. ఒక లీటరు మీథేన్ పూర్తిగా కాలాలంటే రెండు లీటర్ల ఆక్సిజన్ చాలు. ప్రొపేన్‌కు ఐదు. బ్యూటేన్‌కు ఆరున్నర. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతే కాబట్టి, ఒక లీటరు బ్యూటేన్‌కు ముప్ఫై లీటర్ల పైన గాలి కావాలి. అంత గాలి దొరికితే వచ్చేవి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, అంతే. దొరక్కపోతే కార్బన్‌కు రెండు ఆక్సిజన్‌ల బదులు ఒకటే దక్కి మోనాక్సైడ్‌గా బయటపడుతుంది, మరీ తక్కువైతే ఒక్కటీ దక్కక మసిగా మిగిలిపోతుంది. గిన్నె అడుగున నల్లగా అంటుకునేది అదే. (మీ పేపరు అచ్చయ్యే నల్ల సిరాలో ఉండే కార్బన్ బ్లాక్ కూడా ఇలా హైడ్రోకార్బన్లను చాలీచాలని గాలిలో కాల్చి తీసిందే, కాబట్టి అసంపూర్ణ దహనం అనేది మీ ఆఫీసుకు పరాయిది కాదు.)

ఒక్కసారి బాత్రూం లెక్క వేద్దాం. నేను ఈ లెక్కను మీ పేపరు అంచు మీదే వేశాను, పెద్ద లెక్కేం కాదు. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లు ఇచ్చే మామూలు గీజర్, నీటిని 25 డిగ్రీలు వేడెక్కిస్తోందనుకుందాం. అంటే నిమిషానికి 150 కిలో కేలరీలు నీళ్లలోకి పోవాలి, వృథా పోయేది కూడా కలుపుకుంటే ఇంచుమించు 175. కిలో ఎల్‌పిజి ఇచ్చేది 11 వేల కిలో కేలరీల లోపు. అంటే నిమిషానికి 16 గ్రాముల గ్యాస్ కాలుతుంది. 16 గ్రాములే కదా అనిపిస్తుంది, కానీ దానికి కావలసిన ఆక్సిజన్ 44 లీటర్లు, గాలి లెక్కలో చెప్పాలంటే 210 లీటర్లు. స్నానం చేసే మనిషి నిమిషానికి వాడుకునే ఆక్సిజన్ పావు లీటరుకు అటూ ఇటూ. అంటే ఆ గోడకు వేలాడుతున్న డబ్బా సుమారు నూట డెబ్బై ఐదు మంది మనుషులు పీల్చేంత ఆక్సిజన్‌ను ఒక్కటే లాగేస్తోంది. ఇప్పుడు బాత్రూం చూడండి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడుగు, ఎనిమిదడుగుల ఎత్తు. అందులో పట్టే గాలి 8 వేల లీటర్ల లోపే. తలుపు వేసి, వెంటిలేటర్ మూసి పది నిమిషాలు గీజర్ నడిపితే 2,100 లీటర్ల గాలిలోని ఆక్సిజన్ ఖర్చయిపోతుంది, గాలిలో 21 శాతం ఉండాల్సినది 16 దరిదాపులకు పడిపోతుంది. అంతదాకా పోకముందే మంట గాడి తప్పుతుంది. కొన్ని దేశాల్లో గదిలో పెట్టుకునే గ్యాస్ హీటర్లకు ఆక్సిజన్ 18 శాతానికి తగ్గితే దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ఉంటుంది, ఎందుకో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. తలుపు కింద సందుల్లోంచి కొంత గాలి వస్తుంది, నిజమే. నేను వేసింది మూసిన గది లెక్క. కానీ చలికాలంలో ఆ సందులో కూడా గోనె పట్టా తొక్కేవాళ్లను చూశాను.

"ఇరవై నిమిషాలకు ఆగిపోయే టైమర్ ఉందండి" అంటారు. చాలా గీజర్లకు ఉంటుంది. కానీ పై లెక్క పది నిమిషాలదే. పైగా ఆగిన వెంటనే మళ్లీ ఆన్ చేసుకోకుండా ఆపేవాళ్లెవరు?

ఇంకో మాట కూడా వింటూ ఉంటాను, అదే అన్నిటికంటే గట్టి వాదన: "పదేళ్లుగా ఇదే గీజర్, ఇదే బాత్రూం, మాకేం కాలేదు." అవకపోవచ్చు. వేసవిలో కిటికీ తీసే ఉంటుంది, నీళ్లు పెద్దగా వేడి అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో స్నానం అయిపోతుంది. భోగి నాటి పొద్దున చూడండి. చలికి వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టి ఉంటుంది, నీళ్లు బాగా కాగాలి, ఇంటిల్లిపాదికీ తలంటు, ఒకరి తర్వాత ఒకరు క్యూ. మొదట వెళ్లిన మగవాళ్లకు ఏమీ అవదు. తర్వాత పిల్లలు. నలుగు పిండీ కుంకుడు రసమూ వదలగొట్టుకుని జుట్టు కడుక్కునేసరికి ఎంతసేపు పడుతుందో ఆడవాళ్లకు తెలుసు, అందులోనూ ఇంటిపని తెముల్చుకుని ఆఖర్న వెళ్లేది ఇంటావిడే. అప్పటికి ఆ గదిలో గాలి మిగిలినవాళ్లు వాడుకోగా మిగిలింది. గీజర్ లోపల బర్నర్ మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, తుప్పు కూడా దీనికి తోడు, గాలి లోపలికి పోయే చిల్లులు సగం పూడుకుపోతే గది పెద్దదైనా మంట చెడుతుంది. పదేళ్లు ఏమీ కాలేదంటే ఇన్ని కారణాలు ఒకే రోజున కలిసి రాలేదని అర్థం.

ఇక శరీరంలో జరిగేది. రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోసుకెళ్లాలి. కార్బన్ మోనాక్సైడ్ దానికి ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. బస్సులో సీటు పట్టుకుని ఆఖరి స్టాపు దాకా దిగని ప్రయాణికుడి లాంటిది, బయట ఎంతమంది నిలబడి ఉన్నా వాళ్లకు చోటు దొరకదు. గాలిలో అది 0.16 శాతం ఉన్నా చాలు, ఇరవై నిమిషాల్లో తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలవుతాయి, రెండు గంటల లోపు ప్రాణమే పోతుంది. ఇంకా ఎక్కువుంటే నిమిషాల్లోనే. ముందుగా కాళ్లలో సత్తువ పోతుంది, అందుకే చాలామంది గడియ దాకా కూడా రాలేరు. పొద్దున్నే తలనొప్పి అంటే టిఫిన్ చేయలేదనో, బీపీ అనో అనుకుంటాం. స్నానం చేసి వచ్చిన ప్రతిసారీ తల పట్టేస్తుంటే, బయట కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంటే మాత్రం గీజర్‌ను అనుమానించాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే డాక్టర్లు తప్ప బయట ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు. కరోనా రోజుల్లో ఇంటింటా వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్ కొన్నాం. బాత్రూంలో పడిపోయిన మనిషిని బయటికి తెచ్చి ఎవరో ఆ క్లిప్పు పెడతారు. 97 చూపిస్తుంది, 98 చూపిస్తుంది. "ఆక్సిజన్ బాగానే ఉందిరా, నీరసంతో పడిపోయి ఉంటుంది, కాస్త మజ్జిగ పట్టండి" అంటారు. ఆ పరికరం రక్తం ఎర్రదనాన్ని బట్టి లెక్క కడుతుంది, మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ కూడా మంచి ఎర్రగానే ఉంటుంది కాబట్టి మామూలు ఆక్సిమీటర్‌కు తేడా తెలియదు. ఆ అంకెను నమ్మి ఇంట్లో పడుకోబెట్టకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్లి "గ్యాస్ గీజర్ నడుస్తుండగా పడిపోయారు" అని మొదటి మాటగా చెప్పాలి, అప్పుడు రక్తపరీక్ష చేసి నూరు శాతం ఆక్సిజన్ పెడతారు. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నర. ఆ తేడాలోనే మెదడు దక్కడమో దక్కకపోవడమో తేలిపోతుంది.

మాది కోనసీమ. గ్యాస్ సంగతి మాకెవరూ చెప్పక్కర్లేదనుకుంటాం. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుంటే 65 రోజులు మండింది. దూరపు ఊళ్లకు కూడా రాత్రిళ్లు ఆ వెలుగు కనిపించేది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. (నగరం అంటే ఊరి పేరే, మామిడికుదురు దగ్గరిది.) అటు విశాఖలో 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో ఎల్‌పిజి లీకై అంటుకుంటే అరవై మంది దాకా చనిపోయారు. అందుకే మాకు గ్యాస్ అంటే పేలుడు, గ్యాస్ అంటే మంట. మా ఊళ్లో రోడ్డు పక్కన పైపులైను గుర్తు రాయి కనపడితే బండి ఆపి వాసన చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అదే మనిషి ఇంటికొచ్చి మూసిన బాత్రూంలో గీజర్ వేసుకుంటాడు. అది పేలదుగా, వాసన రావట్లేదుగా! పేలే గ్యాస్ వేరు, చంపే గ్యాస్ వేరు అని కాదు, అదే గ్యాస్, కాలిన తీరు వేరు. ఇది మా వాళ్లకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు, పాఠం చెప్పిన మాతో సహా.

పాఠం మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఇంటర్ పిల్లాడిని నిద్రలేపి అడగండి, ఉర్ట్జ్ చర్య చెప్తాడు, కోల్బే విద్యుద్విశ్లేషణ చెప్తాడు, మీథేన్ క్లోరినేషన్‌లో స్వేచ్ఛా ప్రాతిపదికలు మూడు అంచెలూ గుక్క తిప్పుకోకుండా రాస్తాడు. దహనం దగ్గరికొస్తే ఒక సాధారణ సమీకరణం, అందులో n విలువ వేసి ఆక్సిజన్ మోల్స్ కనుక్కోమని ఒక బిట్టు. అసంపూర్ణ దహనం రెండు లైన్లు. పరీక్షలో రాదు కాబట్టి దాన్ని చదివించరు, ఇప్పుడు పెద్ద పెద్ద కాలేజీల్లో మెటీరియల్‌లోంచి ఆ రెండు లైన్లు కూడా ఎగిరిపోయి ఉంటాయి. నేను పనిచేసిన రోజుల్లో ల్యాబ్‌లో బున్సెన్ బర్నర్ ఉండేది, కింద గాలి రంధ్రం మూస్తే మంట పసుపుపచ్చగా మారి ఊగేది, పింగాణీ మూకుడు దాని మీద పెడితే క్షణంలో మసి పట్టేది, రంధ్రం తెరిస్తే మంట నీలంగా మారి బుస్సుమనేది. ఈ పాఠానికి అంతకన్నా ఏం కావాలి? ఇప్పుడు ఎన్ని కాలేజీల్లో పిల్లలు ఆ రంధ్రాన్ని తమ చేత్తో తిప్పి చూస్తున్నారో మీ విలేకరులు ఒకసారి కనుక్కుని రాస్తే బాగుంటుంది.

ల్యాబ్ లేకపోయినా ఇంట్లో స్టవ్ ఉంది. పొద్దున కాఫీ పెట్టేటప్పుడు మంట చూడండి. నీలంగా, పొట్టిగా, నిలకడగా ఉంటే గాలి సరిపోతోందని. కొసలు పసుపుపచ్చగా సాగి ఊగుతుంటే, గిన్నె అడుగు నల్లబడుతుంటే బర్నర్ చిల్లుల్లో పాలో పప్పో పొంగి ఎండిపోయి ఉండాలి, లేదా కింద గాలి లోపలికి లాగే దగ్గర సాలీడు గూడు కట్టి ఉండాలి, జెట్ (గ్యాస్ బయటికి చిమ్మే సన్న చిల్లు ఉన్న ముక్క) దగ్గర నూనె జిడ్డు పట్టి ఉండాలి. బర్నర్ తీసి సబ్బు నీళ్లలో నానబెట్టి, చిల్లులు సన్న తీగతో పొడిచి, బాగా ఆరాక పెడితే సరిపోతుంది, తడిగా పెడితే మళ్లీ మంట చెడుతుంది. పచ్చమంట ఉన్నచోటల్లా మోనాక్సైడ్ ప్రమాదకరంగా ఉందని కాదు, నీలం మంట ఉన్నచోటల్లా లేదనీ కాదు, కానీ ఇంట్లో మనకు దొరికే గుర్తు ఇదొక్కటే. గీజర్‌లో ఆ మంట ఒక చిన్న కిటికీ వెనక ఉంటుంది, ఎంతమంది దాన్ని చూస్తారు?

ఇప్పుడు పట్టణాల్లో పైపు గ్యాస్ వస్తోంది కదా, దాని గురించి కూడా ఒక మాట. సిలిండర్ స్టవ్‌నే పైపు గ్యాస్‌కు తగిలించేటప్పుడు జెట్‌లు మార్చి పెద్ద చిల్లువి వేస్తారు, ఎందుకంటే మీథేన్ ఒక లీటరు ఇచ్చే వేడి బ్యూటేన్ లీటరు ఇచ్చే దాంట్లో మూడో వంతే. ఇల్లు మారినప్పుడు అదే స్టవ్ తీసుకెళ్లి జెట్ మార్చకుండా సిలిండర్‌కు బిగిస్తే, ఆ పెద్ద చిల్లులోంచి బ్యూటేన్ ఎక్కువగా దూకుతుంది, దానికి తగ్గ గాలి అందదు. పచ్చమంట, మసి, మోనాక్సైడ్. అద్దె ఇళ్లు మారేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఒకవేళ నిజంగానే లీకైతే కూడా రెండింటికీ తేడా ఉంది, పైపు గ్యాస్ గాలికన్నా తేలిక కాబట్టి పైకి పోతుంది, పై కిటికీ తెరవాలి, సిలిండర్ గ్యాస్ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు కాబట్టి నేల మీద పాకుతుంది, తలుపు బార్లా తెరవాలి. మోనాక్సైడ్ మాత్రం ఇంచుమించు గాలంత బరువే, గదంతా కలిసిపోతుంది, కింద కూర్చుంటే తప్పించుకోవచ్చనుకోవడం భ్రమ.

గీజర్ ఒక్కటే కాదు, ఆల్కేన్ కాలే చోటల్లా ఇదే సూత్రం. కరెంటు పోయినప్పుడు షట్టర్ సగం దించి లోపలే జనరేటర్ నడిపే దుకాణాలు, ఏసీ కోసం అద్దాలు బిగించి ఇంజిన్ ఆన్ చేసి మూసిన గ్యారేజీలో కారులో నిద్రపోవడం. బాలింత గదిలో తలుపులు బిగించి పెట్టే బొగ్గుల కుంపటి కూడా అంతే, అది ఆల్కేన్ కాదుగానీ వదిలే గ్యాస్ అదే. పెద్దవాళ్లు చలి తగలకూడదని చేస్తారు, తప్పు పట్టను, ఒక కిటికీ రెక్క తీసి ఉంచమంటాను.

ఇక చేయాల్సింది. మొన్న మా పక్కింటివాళ్లు కొత్తగా గీజర్ పెట్టించుకుంటుంటే వెళ్లి చూశాను. ప్లంబర్ బాత్రూం లోపలే, షవర్‌కు మూరెడు దూరంలో బిగిస్తున్నాడు. బయట వసారాలో బిగించి వేడినీళ్ల పైపు ఒకటే లోపలికి ఇవ్వవయ్యా అంటే, "పైపు ఖర్చు పెరుగుద్ది మాస్టారూ, అందరికీ ఇలాగే పెడుతున్నాం" అన్నాడు. పైపు ఆరడుగులు. గీజర్ పెట్టెలో వచ్చిన పుస్తకం తీసి చూపించాను, గాలి బాగా ఆడే చోటే బిగించాలని అందులో అచ్చేసే ఉంది. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది, చిన్న అక్షరాల్లో ఉంది, దాన్ని ప్లంబర్ చదవడు, కొన్నవాళ్లూ చదవరు. చివరికి ఇంటాయన ఒప్పుకుని వసారాలోనే పెట్టించాడు. కొత్తగా కొనేవాళ్లు అదే పని చేయండి. ఇప్పటికే లోపల ఉంటే, మార్చే డబ్బు లేకపోతే, పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది: తలుపు తీసి ఉంచి బకెట్లు నింపుకోండి, గీజర్ ఆపేయండి, రెండు నిమిషాలు ఆగి అప్పుడు తలుపేసుకుని స్నానం చేయండి. షవర్ కింద నిలబడి గీజర్ నడుపుతూ చేసే స్నానమే ప్రమాదం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే మంచిదే, కానీ ఫ్యాన్ బయటికి తోసినంత గాలి లోపలికి రావడానికి తలుపు కింద దారి కూడా ఉండాలి. లోపల ఎవరైనా పడిపోతే తలుపు తెరిచి, గీజర్ ఆపి, మనిషిని ముందు బయటికి లాగండి, లోపలే కూర్చుని మొహాన నీళ్లు చల్లుతూ ఉంటే లాగడానికి వెళ్లినవాళ్లూ పడిపోతారు.

అమెరికాలో ఉన్న మన పిల్లలను అడిగితే చెప్తారు, అక్కడ చాలా రాష్ట్రాల్లో ఇళ్లలో గోడకు మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి, దాని బ్యాటరీ అయిపోతే కూసే కూతకు విసుక్కుంటూ ఉంటారు. మనకు అలాంటి నిబంధన రావాలని నేను కోరుకుంటున్నాను. వచ్చేదాకా పేపరే అలారం.

అందుకే మీకు రెండు విన్నపాలు. ఒకటి, ఇలాంటి వార్త వచ్చినప్పుడు పోస్టుమార్టంలో తేలకముందే 'గ్యాస్ లీకై' అని రాయకండి. "మూసిన బాత్రూంలో గ్యాస్ గీజర్ నడుస్తుండగా" అని రాస్తే చాలు, అది ఎలాగూ పోలీసులు చూసిన నిజమే, చదివినవాడి కన్ను పైపు మీదికి కాకుండా కిటికీ మీదికి పోతుంది. వాసన వచ్చిందా లేదా అని విలేకరి ఇంటివాళ్లను ఒక్క ప్రశ్న అడిగి ఆ సమాధానం కూడా వేస్తే ఇంకా మంచిది, వాసన రాలేదంటే 'అనుమానాస్పద మృతి' అంటూ ఆ కుటుంబం మీద లేనిపోని పుకార్లు పుట్టకుండా కూడా ఉంటాయి.

రెండు, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నెలకోసారి జిల్లా పేజీలో ఒక చిన్న బాక్స్ వేయండి. గీజర్ బయట పెట్టడం, బకెట్ నింపి ఆపేయడం, స్నానం తర్వాత తలనొప్పి, పడిపోయినవాళ్లకు ఆక్సిజన్, ఈ నాలుగూ చాలు. చోటు చాలక ఒకటి తీసేయాల్సి వస్తే ఏదైనా తీసేయండిగానీ ఆక్సిమీటర్ 98 చూపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న మాట మాత్రం ఉంచండి. భోగికి వారం ముందు వచ్చే బాక్స్ కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి, ఆ రోజు పేపరు చదివే తీరిక మగవాళ్లకే ఉంటుంది కాబట్టి, చదివి ఇంట్లో వినిపించమని కూడా పైన ఒక లైను పెట్టండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
అమలాపురం.